ప్రార్థన అంశం

మైకులో తన పేరు వినబడేసరికి రూబీ చేతిలో సూది ఆగిపోయింది.

శుక్రవారం. పెంటపాడులో వాళ్ల పేట చర్చిలో స్త్రీల ఉపవాస ప్రార్థన జరుగుతోంది. చర్చికీ రూబీ ఇంటికీ మధ్య ప్రహరీ గోడ ఉందన్న మాటే గానీ, మైకు చర్చి నెత్తిమీద ఉన్నాక ఆ గోడ ఉన్నా లేనట్టే. పేటలో వాళ్లే కాదు, కాలవ అవతల ఇళ్లలో తాలింపు పెట్టుకునేవాళ్లు కూడా ఎవరికి మోకాలి నొప్పి, ఎవరి అల్లుడు మళ్లీ తాగుతున్నాడు అన్నది వారం వారం వినాల్సిందే. ప్రార్థన అంశం అంటే అదే. కష్టాన్ని పేరు పెట్టి పైకి చెబితే గానీ అందరూ కలిసి ప్రార్థించడం కుదరదు.

"ఈసారి మా ఇంటి అంశమేనండి," అంటోంది అత్తగారు మణెమ్మ. "మా కోడలు రూబీ సంగతి. పిల్లకి మనసు బాగోలేదండి. ఉన్నట్టుండి భయం వచ్చేస్తుందంట, ఊపిరాడదంట, చేతులు వణికిపోతాయంట. మనకెవరికీ తెలీకుండా ఏలూరులో మనసు డాక్టరు దగ్గరకి వెళ్లొస్తుందండి. బంగారంలాంటి పిల్ల. అందరూ భారంతో ప్రార్థన చెయ్యండమ్మా."

ఆ వెంటనే ఆడవాళ్ల గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరి మాటలు వాళ్లవే అయినా మధ్యమధ్యలో 'రూబీ' అన్న మాట మాత్రం స్పష్టంగా తేలుతోంది.

రూబీ కుడుతున్న జాకెట్టుని మిషను మీద పెట్టి లేచింది. గొంతు దగ్గర ఎవరో నాడా లాగి ముడేసినట్టయింది. వేళ్ల చివర్లు మొద్దుబారాయి. ఈ క్షణమే తను పడిపోతుంది, చచ్చిపోతుంది అన్న నమ్మకం ఎప్పటిలాగే కడుపులోంచి పైకి వచ్చింది. ఎప్పటిలాగే బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని కుళాయి తిప్పింది. బకెట్టు నిండి పొర్లుతున్నా కట్టలేదు. లోపలి చప్పుడు బయటికి వినబడకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఆ నీళ్లే. నీళ్లు పారబోస్తున్నావేంటి అని అత్తగారు చాలాసార్లు కేకలేసింది గానీ, అంతసేపు లోపల ఏం చేస్తున్నావని ఎప్పుడూ అడగలేదు.

ఈ సంగతి మణెమ్మకి చెప్పింది రూబీయే, అదీ నిన్ననే. ఏలూరు పవర్‌పేటలో కళ్లజోళ్ల షాపు మీద ఒక చిన్న గదిలో కౌన్సిలింగు చేసే అలేఖ్య గారు, "ఇంట్లో ఒక్కరికైనా చెప్పి చూడండి, ఒంటరిగా ఎంతకాలం దాస్తారు?" అంది. అత్తగారికి చెప్పాలని రూబీ తనే అనుకుంది. భర్త ఎడ్విన్ మంచివాడే, కానీ ఏం చెప్పినా 'ఊరికే ఆలోచించకు' అనేసి టీవీ వైపు తిరుగుతాడు. మణెమ్మ అలా కాదు. నిన్న సాయంత్రం విన్నంతసేపూ ఏడ్చింది. కోడలి తల గుండెకి హత్తుకుంది. అన్నం కలిపి చిన్నపిల్లకి పెట్టినట్టు ముద్దలు పెట్టింది. రూబీ నిన్న చాలా కాలానికి హాయిగా నిద్రపోయింది.

ఆ హాయి మీద ఇవాళ మైకు పెట్టారు.

ప్రార్థన అవగానే ఆడవాళ్లంతా ఇంటికే వచ్చారు. ముందు హన్నమ్మ. స్త్రీల సమాజానికి పెద్ద, చేతిలో నూనె సీసా. వెనక మరికొందరు. రూబీ బాత్రూములోంచి మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి మిషను చుట్టూ నిలబడి ఉన్నారు. కుట్టాల్సిన గుడ్డలు ఎవరో తీసి మంచం మీద కుప్పగా వేసేశారు, కూర్చోవడానికి చోటు కావాలి కదా.

"ఇలా రా అమ్మాయ్, ఇక్కడ కూర్చో," అంది హన్నమ్మ. "ఏం భయపడకు. మేమంతా లేమా?"

"అలాగేనండి," అంది రూబీ.

తల మీద ఒక చెయ్యి పడింది. తర్వాత ఇంకొకటి. భుజం మీద, వీపు మీద. నూనె నుదుటి మీంచి కంటి కొసకి దిగింది. అందరూ మంచివాళ్లే. తను పురిటికి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వంతులు వేసుకుని అన్నం తెచ్చినవాళ్లే. తల మీద ప్రేమగా పెట్టిన చెయ్యి తియ్యండి అని ఏ నోటితో అంటుంది? అమ్మనా బూతులు తిడితే తిరిగి తిట్టొచ్చు, గుమ్మంలో నిలబడి చాడీలు చెబితే తలుపు వేసుకోవచ్చు. ప్రార్థన చేసినందుకు మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో రూబీకి తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది. అది ఎటూ పోయే దారి లేక ఆ చేతుల కిందే ఉండిపోయింది.

"ఇప్పుడు తేలిగ్గా ఉందా?" అని అడిగింది హన్నమ్మ చివర్లో.

"ఉందండి."

"చూశావా మరి!"

సాయంత్రం కూతురు క్రిస్టినా స్కూలు నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే అడిగింది. "అమ్మా, నీకు దెయ్యం పట్టిందా? హన్నమ్మ మామ్మగారి మనవరాలు అంటంది."

రూబీ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది. అల్లిన జడనే ఇంకోసారి విప్పింది.

ఎడ్విన్ పక్క టౌను గూడెంలో రైసుమిల్లు నుంచి వచ్చేసరికి అతని చెవిన కూడా పడింది. చొక్కా మీద తవుడు దులుపుకోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"లైనింగు గుడ్డకని వెళ్తున్నావనుకున్నాను గురువారాలు. లైనింగు గుడ్డ గూడెంలో దొరకదా అని మొన్న కూడా అనుకున్నాను."

"మీకు చెబుదామనే అనుకున్నానండి."

"అమ్మకి చెప్పావుగా."

ఆ మాటలో దెబ్బ ఉంది, అది న్యాయమైనదే. రూబీ తల వంచుకుంది.

"సరే, జరిగిందేదో జరిగింది," అన్నాడు ఎడ్విన్. "అమ్మ నీ మంచికే చేసింది. ఇంక ఆ ఏలూరు గొడవ వద్దు. జనం నోళ్లు మూయించాలంటే అదొక్కటే దారి. లేదంటే కొన్నాళ్లు కైకలూరు మీ అన్నయ్య దగ్గరకి వెళ్లిరా. చెరువుల గాలి, మనసుకి బాగుంటుంది."

కైకలూరు అవతల లంకలో అన్నయ్య ఇల్లు. చుట్టూ చేపల చెరువులు. గట్టు మీద ఒక్క దారి, అది కూడా వాన పడితే ఉండదు. అక్కడ కూర్చుని మనసు బాగు చేసుకోవడం తలచుకుంటేనే రూబీకి ఊపిరి బరువైంది. "అలాగేనండి," అంది.

అలేఖ్య గారు ఒకసారి నవ్వుతూ అడిగింది, 'అలాగేనండి' అన్న మాటకి బదులు మీ ఇంట్లో ఇంకో మాట ఏదైనా వాడుకలో ఉందా అని. రోజుకి ఒక్కసారి, చిన్న విషయానికైనా సరే, 'వద్దండి' అని చూడమంది. కూరలవాడితో అనగలిగింది రూబీ. ఇంట్లో ఇంకా అనలేదు.

శనివారం పొద్దున్న ఉషశ్రీ వచ్చింది. కాలవ అవతల ఇంటి ఆవిడ. వాళ్ల అమ్మాయి పెళ్లి జాకెట్లు రూబీ చేతిలోనే ఉన్నాయి. మగ్గం వర్కు చేయించిన పట్టు గుడ్డ, ఒక్క కత్తెర వేటు తప్పు పడినా మళ్లీ దొరకదు. అందుకే రూబీ ఆ గుడ్డని ముట్టుకునే ముందు పాత చీర ముక్క మీద కొలతలు గీసి, కత్తిరించి, విప్పడానికి వీలుగా పచ్చి కుట్లు వేసి, పిల్లకి తొడిగి చూసింది. చంక దగ్గర లాగుతుంటే విప్పి సరిచేసింది. ఇక అసలు గుడ్డ మీద సుద్ద గీయడమే మిగిలింది.

"ఎలా ఉంది రూబీ ఒంట్లో?" ఉషశ్రీ గుమ్మంలోనే నిలబడింది. ఎప్పుడూ లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చునే మనిషి.

"బాగానే ఉందండి. రండి, కూర్చోండి."

"అబ్బే, పనుంది. అదే... ఆ గుడ్డలు ఇచ్చేస్తావేమోనని వచ్చాను. నీకసలే ఒంట్లో బాలేదు, మళ్లీ ఈ పెళ్లి పని ఒకటి నెత్తిన పెట్టడం ఎందుకని మా వారు కూడా అన్నారు. నువ్వు విశ్రాంతి తీసుకో అమ్మా."

"కొలతలన్నీ అయిపోయాయండి. ఎల్లుండికి ఇచ్చేస్తాను."

"నాకు తెలుసులే నీ పనితనం. కానీ చెయ్యి వణుకుతుందంట కదా."

రూబీ తన చేతుల వైపు చూసుకుంది. వణకడం లేదు. పదేళ్లుగా కత్తెర పట్టినప్పుడు ఆ చేతులు ఏనాడూ వణకలేదు. ఎంత భయం వచ్చినా మిషను ముందు కూర్చుంటే సర్దుకునేది, ఇంట్లో తను తనలాగా ఉండే చోటు అదొక్కటే. ఆ మాట చెప్పాలనుకుంది. 'వద్దండి, గుడ్డ నా దగ్గరే ఉంచండి' అనాలనుకుంది. ఇదే సమయం అని కూడా తెలుసు. పెదవులు కదిలాయి.

"అలాగేనండి," అంది.

పట్టు గుడ్డని మడత నలగకుండా పాత పంచె ముక్కలో చుట్టి ఇచ్చింది. ఉషశ్రీ దాన్ని రెండు చేతులా తీసుకుని, "నీ కోసం మేమూ దణ్ణం పెట్టుకుంటాంలే," అని వెళ్లిపోయింది. ఆవిడకి నిజంగానే జాలి వేసింది. అదే ఇంకా కష్టంగా ఉంది రూబీకి.

మధ్యాహ్నం పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారు వచ్చారు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. మణెమ్మ కుర్చీ తుడిచి వేసి, మజ్జిగ ఇచ్చింది.

"అమ్మా రూబీ, నిన్న తేలిగ్గా ఉందన్నావంట. హన్నమ్మగారు చెప్పారు. చాలా సంతోషం. రేపు ఆరాధనలో రెండు మాటలు సాక్ష్యం చెబితే బాగుంటుంది తల్లీ. ఇలాంటి బాధతో మన సంఘంలో ఇంకా ఎవరున్నారో, వాళ్లకి ధైర్యం వస్తుంది."

"చెబుతుందండి అయ్యగారూ," అంది మణెమ్మ. మొహం వెలిగిపోతోంది. "ఎందుకు చెప్పదు? ప్రభువు బాగుచేశాడని చెబుతుంది. ఇంక ఆ ఏలూరు అవసరం లేదని కూడా చెబుతుంది. ఏమ్మా?"

రూబీకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. రేపు మైకు ముందు బాగైపోయిందని చెప్పాక, గురువారం గూడెం స్టేషనులో ప్యాసింజరు బండి ఎక్కడానికి వీల్లేదు. ఎక్కితే తను అబద్ధం చెప్పినట్టు, అత్తగారు అబద్ధం చెప్పినట్టు, దేవుడు కూడా మాట తప్పినట్టు. మళ్లీ బాత్రూమూ కుళాయీ, అంతే, బతికినంత కాలం.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి అయ్యగారు ఆమె వైపే చూస్తున్నారు. ఆమె తల దానంతట అదే ఊగింది.

ఆయన వెళ్లాక పెరట్లో బట్టలు తీసే వంకతో దండెం దగ్గరకి వెళ్లి ఏలూరుకి ఫోను చేసింది.

"మీరు చెప్పమన్నారని చెప్పానండి," అంది అలేఖ్య ఎత్తగానే. ఎవరి మీదా గొంతెత్తని రూబీ, ఆమె మీద ఎత్తింది. "ఇప్పుడు ఊరంతా తెలుసు. నా పని పోయింది. నా కూతురిని దెయ్యం కూతురంటన్నారు. మీకేమండీ, కుర్చీలో కూర్చుని చెబుతారు!"

"నిజమేనండి," అంది అలేఖ్య. "చెప్పమన్నాను గానీ, చెప్పాక అది ఎవరి దగ్గర ఆగాలో కూడా ముందే అడగాలని మీతో మాట్లాడలేదు. అక్కడ తప్పు నాదే. సారీ రూబీ గారు."

తప్పు ఒప్పుకునే మనిషితో ఎలా పోట్లాడాలో కూడా రూబీకి తెలియదు. ఎండిన తువ్వాలు దండెం మీద ఉండగానే మడత పెట్టింది. "రేపు ఏం చెప్పమంటారు?"

"అది నేను చెప్పకూడదండి. మీరు ఏం చెప్పినా, అసలు ఏమీ చెప్పకపోయినా గురువారం నా తలుపు తీసే ఉంటుంది."

"అక్కడ నిలబడ్డాక ఆ భయం వచ్చేస్తే?"

"వస్తే రానివ్వండి. ఇన్నాళ్లూ అది వచ్చిన ప్రతిసారీ మీరు లేచి పారిపోయారు. నా గదిలోంచి కూడా వరండాలోకి వెళ్లిపోయారు. అందుకే పారిపోయాను కాబట్టి బతికాను అనుకుంటున్నారు. ఒక్కసారి కూర్చుని చూడండి. అది ఎక్కినట్టే దిగుతుంది."

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్లు కుడి వైపు, ఆడవాళ్లు ఎడమ వైపు. ఇంతమంది ఎందుకొచ్చారో రూబీకి తెలుసు, వచ్చినవాళ్లకీ తెలుసు. రెండో పాట అయ్యాక సంఘ పెద్ద దేవరాజు మైకు పట్టుకుని, "మన సహోదరి రూబీ సాక్ష్యం చెబుతుంది, స్తోత్రం," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మణెమ్మ కొంగు తల మీదికి లాక్కుని మొదటి వరసలో సర్దుకు కూర్చుంది.

రూబీ వెళ్లి మైకు అందుకుంది. చల్లగా ఉంది. "అందరికీ వందనాలండి," అంది. ఆ తర్వాతి మాట 'బాగైపోయింది'. అది నాలుక దాకా వచ్చి కూర్చుంది.

అప్పుడే గొంతు దగ్గర ఆ నాడా బిగిసింది.

వేళ్లు మొద్దుబారాయి. చర్చి గోడలు దగ్గరకి జరిగాయి. ఊపిరి పైపైనే ఆగిపోతోంది, ఆ చప్పుడంతా మైకులో వినబడుతోంది, కాలవ అవతల దాకా. పక్క తలుపు తీసే ఉంది. ఆ తలుపు దాటితే గోడ, గోడ దాటితే ఇల్లు, బాత్రూము, కుళాయి. కాళ్లు అటే తిరిగాయి. ఎదురుగా అన్ని మొహాలు. ఇప్పుడు పరిగెత్తితే జన్మంతా పరిగెడుతూనే ఉండాలని రూబీకి తెలిసింది. తెలిసినా భయం తగ్గలేదు.

ఆమె వేదిక మెట్టు మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకి ఆనించింది.

చర్చిలో కలకలం లేచింది. ఏ ఇబ్బంది వచ్చినా పాట ఎత్తుకోవడం ఆ సంఘానికి అలవాటు. దేవరాజు కీబోర్డు అబ్బాయికి సైగ చేశాడు. హన్నమ్మ అప్పటికే లేచింది, వెనకే నలుగురు. అందరికంటే ముందు మణెమ్మ చేతులు చాపుకుంటూ వస్తోంది.

రూబీ చెయ్యి ఎత్తింది. అది వణుకుతోంది, అందరికీ కనబడేలా.

"వద్దండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"పాట వద్దండి. ఎవరూ రావద్దండి. అత్తయ్యగారూ, కూర్చోండి. నాకిది... వచ్చిందండి. ఇదేనండి అది." ఒక్కో మాటకీ మధ్య గాలి లాక్కుంటోంది. "కాసేపు ఆగండి. దయచేసి."

మణెమ్మ నడవలో ఆగిపోయింది. చేతులు ఇంకా చాచే ఉన్నాయి. క్రీస్తుదాసు అయ్యగారు కీబోర్డు వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

అంత మంది ఉన్న ఆ చర్చిలో అంత నిశ్శబ్దం క్రిస్మసు నాడు కూడా ఉండదు. ఒక చంటిది ఏడ్చింది, తల్లి ఊరుకోబెట్టింది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. రూబీ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చచ్చిపోతున్నాననే అనుకుంది. చాలాసేపు అదే అనుకుంది. పాదాల కింద గచ్చు చల్లగా తగిలింది. ఆ చల్లదనం తనకి తెలుస్తోందని గమనించింది. తర్వాత ఒక ఊపిరి కిందికి దిగింది. ఇంకొకటి దానంతట అదే దిగింది. గోడలు ఎక్కడివక్కడికి వెళ్లాయి. వేళ్లలోకి చీమలు పాకినట్టు రక్తం వచ్చింది.

ఎవరూ ముట్టుకోలేదు. కుళాయి తిప్పలేదు. తగ్గింది.

ఆమె మైకు మళ్లీ నోటి దగ్గరకి తెచ్చుకుంది. "తగ్గిందండి," అంది. "నాకు బాగవలేదండి. మళ్లీ వస్తుంది. వస్తే ఇలాగే తగ్గుతుంది. గురువారం ఏలూరు వెళ్తాను. ప్రార్థన చెయ్యండి, కానీ నా పేరు పైకి చెప్పే ముందు నన్ను అడగండి. ఇదేనండి నా సాక్ష్యం."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మగవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు అంది, సన్నగా. అది ఎడ్విన్‌ది.

ఆరాధన అయ్యాక అత్తాకోడళ్లు ఇంటికి నడిచారు. ఎడ్విన్ క్రిస్టినాని తీసుకుని ముందు వెళ్లాడు. ఇంటికి ఎంతో దూరం లేదు గానీ మణెమ్మ అడుగు అడుగుకీ ఆగుతోంది.

"ఎప్పుడూ అలాగే వస్తదా నీకు?"

"అవునండి."

"అంత ఇదిగానా?"

"ఇంట్లో అయితే ఇంకా ఎక్కువండి."

మణెమ్మ ప్రహరీ గోడ పట్టుకుని నిలబడింది. మొహం వాడిపోయి ఉంది. "ఒకే ఇంట్లో ఉన్నాం కదమ్మా. నాకు మొన్నటిదాకా ఎందుకు చెప్పలేదు? చెప్పాక కూడా, ఇలాగుంటదని ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండి అత్తయ్యగారూ," అంది రూబీ. గొంతులో కోపం లేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. "ప్రార్థన చేశారు."

మణెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

వెనక నుంచి హన్నమ్మ ఆయాసపడుతూ వచ్చింది, చేతిలో బైబిలూ నూనె సీసా. "మణెమ్మగారూ! పిల్ల ఇంకా బాధలోనే ఉంది పాపం. సాయంత్రం మీ ఇంట్లోనే ప్రార్థన పెట్టేసుకుందాం. అందరికీ చెప్పేస్తన్నాను. ఆరింటికి సరేనా?"

మణెమ్మ అలవాటుగా తల ఊపబోయి ఆగింది. కోడలి వైపు తిరిగింది.

"ఏమ్మా, రమ్మనమంటావా?" అని అడిగింది.

రూబీ ఆలోచించింది. ఆలోచించడానికి కావలసినంత సేపు మణెమ్మ ఆగింది.

"ఇవాళ వద్దండి."

"ఇవాళ వద్దంటుందండి మా అమ్మాయి," అంది మణెమ్మ హన్నమ్మతో, వీధిలో అందరికీ వినబడేంత గట్టిగా.